గోపన్న చెఱయు, ప్రజల తీర్పును

ప్రజాధనము నపహరించెనను నేరముపై న్యాయస్థానము శిక్షించిన నాయకుని విడిచిపెట్టవచ్చునా, కూడదా యను ప్రశ్న మన దేశమున నెప్పటికప్పుడు తలయెత్తుచునే యున్నది. ఆతడు చేసిన మేలును తలచువారు కన్నీరు పెట్టుదురు. ఆతడు తీసిన సొమ్మును తలచువారు పండ్లు కొఱుకుదురు. రచ్చబండలయొద్దను, రైలుపెట్టెలలోను, వకీళ్ల గదులలోను వాదము పెరుగును. తెలుగునాట నీ వాదము ముదిరినప్పుడు విడుదల కోరు పక్షమువారి నోట నొక పేరు వెలువడును. అది రామదాసు పేరు. ఆ మహాభక్తుడును చెఱసాలలో నుండలేదా, సర్కారు సొమ్ము వాడుకొన్న నేరము ఆయనపై మోపబడలేదా, లోకము నేడాయనను పూజించుట లేదా యని వారందురు. ఈ మాట వినుటకు సొంపుగానే యుండును. అయినను, ఆ పేరు పలుకువారు ఆ జీవితమును తుదిముట్ట తలచి చూచిరా యని మాకు సందేహము. కావున గోపన్న చరిత్రమును, దానిపై మన ప్రజలు చెప్పిన తీర్పును పాఠకులకు జ్ఞాపకము చేయదలచితిమి.

కంచెర్ల గోపన్న పదునేడవ శతాబ్దమున, నేటి ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లిలో, నియోగి బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. నియోగులకు నాడు రాజసేవయే ప్రధానమైన జీవనోపాధి. కరణీకము, దస్తరము, జమాఖర్చుల లెక్క వారికి ఉగ్గుపాలతో నబ్బిన విద్యలు. గోలకొండ నేలిన కుతుబ్‌షాహీ సుల్తానుల దొరతనమున తెలుగుపల్లెల శిస్తు లెక్కలు చాలవఱకు నిట్టి కుటుంబములవారి చేతిమీదుగానే నడచుచుండెను. గోపన్నకు రామభక్తి యెంత సహజమో, లెక్కల విద్యయు నంత సహజము. ఈ రెండవ సంగతిని మన హరికథకులు తఱచు మఱచుచుందురు. ఆయన కథలోని మర్మమంతయు నీ రెండును కలిసిన చోటనే యున్నది.

1672లో అబుల్ హసన్ కుతుబ్‌షా గోలకొండ సింహాసన మెక్కెను. ప్రజలాతనిని తానాషా యని పిలిచిరి. రాజగుటకు ముందు చాలకాల మాతడు షా రాజు అను సూఫీ గురువు నాశ్రయించి జీవించినవాడు. 1674 ప్రాంతమున పింగళి మాదన్న ఆతని ప్రధానియయ్యెను. మాదన్న సోదరుడు అక్కన్నయు రాజ్యమున ప్రముఖాధికారి. గోపన్న వీరికి మేనల్లుడని ప్రతీతి. ఆ బంధుత్వము వలననే ఆయనకు పాల్వంచ పరగణా తహశీలుదారు పదవి లభించెనని చెప్పుదురు. మేనమామల ప్రాపకముతో నుద్యోగము వచ్చినదనగానే నేటి పాఠకులు కనుబొమలు ముడివేయుదురని మేమెఱుగుదుము. ఆ ముడిని వారు కొంచెముసే పట్లే యుంచవలెను. ఆ మేనమామలే తరువాత నేమి చేసిరో, ఏమి చేయలేదో చూడవలసియున్నది.

తహశీలుదారు పదవి యనగా నేమి? నాటి గోలకొండ రాజ్యమున శిస్తు వసూలు కఠినమైన వ్యవహారము. పలుచోట్ల వసూలు హక్కును గుత్తకిచ్చుట, గుత్తదారు నిర్ణీతమైన మొత్తమును ఖజానాకు చెల్లించుట, తక్కువపడినచో దండన ననుభవించుట యాచారమై యుండెను. 1618 మొదలు 1622 వఱకు మచిలీపట్టణమున నివసించిన మెత్వోల్డ్ అను ఆంగ్ల వర్తకుడు ఈ పద్ధతి వలన అధికారులకును, వారి క్రింద నలుగు రైతులకును కలుగు బాధలను వర్ణించి వ్రాసియున్నాడు. కావున గోపన్న చేతికి వచ్చిన సొమ్ము ఆకాశమునుండి రాలినది కాదు. అది పాల్వంచ రైతు దుక్కిదున్ని, నాట్లువేసి, కోతకోసి, తన గాదెలోనికి పోవలసిన గింజలలోనుండి తీసియిచ్చిన సొమ్ము. శిస్తు రసీదులు పెట్టెలో దాచుకొను మా పాఠకులకు దీని బరువు వేఱుగ చెప్పనక్కఱలేదు.

పాల్వంచ పరగణాలో గోదావరి యొడ్డున భద్రగిరి కలదు. అచట పోకల దమ్మక్క యను భక్తురాలు శ్రీరాముని విగ్రహములను కనుగొని, తాటాకుల పందిరి వేసి, తాను తెచ్చిన పండ్లను నివేదించుచుండెనని స్థలపురాణము చెప్పును. సీతాదేవిని ఎడమతొడపై నుంచుకొని, నాలుగు చేతులలో శంఖచక్రములును ధనుర్బాణములును ధరించిన రాముడా గుడిలోని మూలమూర్తి. పరగణా తిరుగుచు వచ్చిన గోపన్న ఆ పందిరిని చూచెను. సుల్తానుల కోటలలో రాతిమేడలు లేచుచుండగా, తన దైవము ఎండవానలకు తాటాకుల చాటున నుండుట ఆయనకు సహింపరానిదయ్యెను. మొదట జనులయొద్ద చందాలు వసూలు చేసెననియు, అవి చాలకపోగా నా యేటి శిస్తు సొమ్మును వాడెననియు, పంటలు చేతికి వచ్చిన పిమ్మట నది తీర్చవచ్చునని జనులే ధైర్యము చెప్పిరనియు కథ. ఆలయము లేచెను. ప్రాకారములు, మండపములు లేచెను. దేవతలకు పచ్చలపతకము, చింతాకుపతకము, కలికితురాయి మున్నగు నగలు వచ్చెను. ఖజానాకు చేరవలసిన సొమ్ము మాత్రము చేరలేదు. ఆ మొత్తము ఆఱులక్షలని లోకవాడుక.

ఇచట మేమొక మాట దాచక చెప్పవలెను. గోపన్న చేసినది తప్పు. భక్తులకీ మాట కష్టముగా నుండవచ్చును, కాని ధర్మమునకు రెండు నాలుకలు లేవు. ఆయన చేతిలోని సొమ్ము ఆయనది కాదు. దానిని ఖజానాకు చేర్చుట కాయన యొప్పుకొని యుద్యోగమున ప్రవేశించెను. వెచ్చించిన పని యెంత పవిత్రమైనదైనను, వెచ్చించుట కధికారము లేదు. గుడి కట్టిన చేతినే మన్నించినచో, రేపొకడు సత్రము పేరు చెప్పును, ఎల్లుండి మఱియొకడు పాఠశాల పేరు చెప్పును, ఆవలివాడు తన యింటి మేడకే సత్రమని పేరు పెట్టును. ఖజానా కాపలాదారుడు తన యిష్టదైవమునకో, తన యిష్టజనమునకో తాళపుచెవులు అప్పగించుట మొదలిడినచో, శిస్తు కట్టు రైతునకు గతియేది? ఆ ధనముతో పూడిక తీయవలసిన చెఱువు లుండవచ్చును, కఱవులో నాదుకొనవలసిన గ్రామము లుండవచ్చును. ఒక్క మంచిపని చేయుటకు పది మంచిపనుల సొమ్మును అడుగకుండ తీసికొనుట అధికారికి తగదు.

సుల్తానునకు ఫిర్యాదు చేరెను. గోపన్నను పట్టి తెచ్చి గోలకొండ కోటలో బంధించిరి. అచట రామదాసు బందిఖానా యని నేటికిని యాత్రికులకు చూపుచున్నారు. దాని గోడపై ఆయన చెక్కుకొన్నవని చెప్పు రామలక్ష్మణ హనుమంతుల రూపములున్నవి. ఆ చెఱ పండ్రెండేండ్లు సాగెనని సంప్రదాయము. కొరడాదెబ్బలు తినెననియు చెప్పుదురు. మేనమామ మాదన్న రాజ్యమునకు ప్రధాని. ఆతని కొక్క చీటి వ్రాయుట యెంతపని? అయినను చెఱతలుపులు తెఱువబడలేదు. బంధువునకు పదవి నిప్పించుటలో మాదన్న చూపిన చొరవ, బంధువును చెఱనుండి తప్పించుటలో కానరాదు. అది నిస్సహాయతయో, న్యాయబుద్ధియో, శత్రువులు పొంచియున్న దర్బారులో ననివార్యమైన జాగ్రత్తయో యెట్లైనను కావచ్చును. ఫలితము మాత్ర మొక్కటే. ప్రధానికి మేనల్లుడైనను ఖజానాకు బాకీదారుడు బాకీదారుడే యయ్యెను. మన కాలమున మేనల్లుండ్ర కింతటి కష్టము తఱచుగా సంభవించుట లేదు.

ఈ కథను హిందూ మహమ్మదీయుల వైరముగా చిత్రించువారును కలరు. అది పొరపాటు. తానాషా తన రాజ్యభారమును బ్రాహ్మణ మంత్రుల చేతిలో పెట్టినవాడు. 1677లో శివాజీ గోలకొండకు రాగా గౌరవించి మైత్రి చేసికొన్నవాడు. గోపన్న గుడి కట్టినందులకు చెఱకు పోలేదు. శిస్తు చెల్లింపనందులకు పోయెను. మసీదు కట్టి శిస్తు ఎగవేసినను నేరము నేరమే. మన కథకులు తానాషాను రావణునిగా చిత్రింపలేదు సరికదా, కథాంతమున నాతనికి రామదర్శనభాగ్యమును ప్రసాదించిరి. దర్శనము గోపన్నకు గాక తానాషాకు లభించినదని చెప్పుటలో మన పూర్వులు చూపిన విశాలహృదయము నేటి కొందఱికి పాఠము కావలెను.

చెఱలో గోపన్న పాటలు పాడెను. నేడు తెలుగునాట ఏ భజనమందిరమున విన్నను వినవచ్చు కీర్తనలలో పెక్కు లా చీకటికొట్టులో పుట్టినవని ప్రతీతి. దాశరథీ శతకమును ఆయన పేరనే వెలసియున్నది. తరువాతి కాలపు త్యాగరాజస్వామి (1767–1847) రామదాసును పూజ్యునిగా తలచి తన కృతులలో స్మరించెను. ఆ చెఱపాటలలో మాకు విశేషముగా తోచునది వేఱొకటి. దీనముగా వేడుకొనిన భక్తుడే, ఓపిక నశించి, రామునితో తగవు పెట్టుకొనును. ఏ నగ యెవరికి చేయించితినో, దాని కెంత పట్టినదో వరుసగా లెక్క చెప్పును. పిమ్మట పరుషములాడితినని తానే చింతించి, దెబ్బల బాధ కోర్వలేక తిట్టితినని మన్నింపు వేడును. ఇది కేవలము భక్తుని ప్రలాపము కాదు. ఇది తహశీలుదారుని జమాఖర్చు. తాను తీసిన సొమ్ములో ప్రతి కాసును ఎచటికి పోయినదో ఆయన చెప్పగలిగెను. తన యింటి కేమియు పోలేదని చూపగలిగెను. నేరము కాదనలేదు. లెక్క దాచలేదు. ఎవరో శత్రువులు కుట్రపన్ని తనపై నీ నింద మోపిరని పాడలేదు.

ఇక విడుదల సంగతి. ఒకనాటి రాత్రి రామోజీ, లక్ష్మోజీ యను నిరువురు యువకులు తానాషా శయ్యాగారమునకు వచ్చిరనియు, తాము గోపన్న సేవకులమని చెప్పి బాకీ మొత్తమును బంగారు మాడలలో కుప్పపోసిరనియు, సుల్తాను చేత చెల్లుచీటి వ్రాయించుకొని దానిని నిద్రించుచున్న గోపన్న యొద్ద నుంచి యదృశ్యులైరనియు, వారే రామలక్ష్మణులనియు కథ. తెల్లవాఱిన పిమ్మట సుల్తాను తానే వచ్చి గోపన్నను విడిపించి క్షమింపుమని కోరెను. ఆ ధనమును తిరిగి యిచ్చెదననినను గోపన్న గ్రహింపలేదనియు చెప్పుదురు. భద్రాచలమునకు మరలి శేషజీవితమును స్వామిసేవలో గడపెను. సీతారామ కల్యాణమునకు ప్రభుత్వపక్షమున పట్టువస్త్రములు, ముత్యాల తలంబ్రాలు సమర్పించు ఆచారము తానాషా నాటినుండి వచ్చినదని చెప్పుదురు. అది నేటికిని సాగుచున్నది.

ఈ కథను విశ్వసించువారు విశ్వసింతురు, విశ్వసింపనివారు విశ్వసింపరు. మా ప్రసంగమునకు రెండును సమానమే. మేము చూచునది యొక్కటి. ఆనాడు పత్రికలు లేవు, సభలు లేవు, వోట్లు లేవు. ప్రజల యభిప్రాయము కథలోను పాటలోను నిలిచెను. తరతరములుగా జనులు చెప్పుకొన్న యీ కథలో గోపన్న విడుదలకు వారెట్టి మార్గమును కోరుకొనిరో పాఠకులు గమనింపవలెను. రాముడు సర్వశక్తుడు. కోటగోడలు కూల్చి భక్తుని కొనిపోవచ్చును. కావలివారిని మూర్ఛిల్లజేసి సంకెలలు తెగగొట్టవచ్చును. ప్రహ్లాదునికొఱకు స్తంభమును చీల్చిన దైవమునకు గోలకొండ తలుపొక లెక్కయా? సుల్తాను మనసు మార్చి, బాకీ మాఫీ చేయించినను సరిపోవును. కాని జనులట్లు చెప్పుకొనలేదు. సాక్షాత్తు వైకుంఠవాసుడే వచ్చి, ఆఱులక్షలు కాసు తక్కువ గాకుండ చెల్లించి, చేతిలో రసీదు పుచ్చుకొన్న పిమ్మటనే చెఱతలుపు తెఱువబడెనని చెప్పుకొనిరి. దేవుని సిఫారసు కూడ బాకీకి బదులు కాలేదు. ఇదియే మన ప్రజల తీర్పు. పండితులు వ్రాసిన ధర్మశాస్త్రము కాదు. నాగలి పట్టువారును, రోలు దంచువారును, భజనచేయువారును కలిసి చెప్పిన తీర్పు.

ఆ తీర్పులో నాలుగంశములు మాకు కనబడుచున్నవి. మొదటిది, సొమ్ము తిరిగి వచ్చినది. రెండవది, దోషి తన లెక్కను తానే బయటపెట్టెను, స్వలాభము లేదని చూపెను. మూడవది, నష్టపడినవాడు, అనగా ఖజానా యజమాని, తృప్తిపడి చెల్లుచీటి నిచ్చెను. నాలుగవది, విడుదలయైన గోపన్న మరల తహశీలుదారు గద్దె నెక్కుటకు పోలేదు. మన్నన పొందినవాడు అధికారమును కోరలేదు. ఈ నాలుగును కుదిరినందుననే మన్నన శోభించెను. ఈ నాలుగింటిలో నొక్కటియు లేకుండ రామదాసు పేరును మాత్రము అరువు తెచ్చుకొనువారు, పత్రమునకు బదులు కాగితమును చూపి యాస్తి నడుగువారితో సమానులు.

ఇందులకు ప్రతివాదము లేకపోలేదు. పండ్రెండేండ్ల చెఱ యధికము కాదా, వృద్ధుడైన దోషిని రోగముతో చెఱలో మగ్గనిచ్చుట రాజ్యమునకు కీర్తియా యని కరుణాళువు లడుగుదురు. ఆ యడుగుటను మేము తృణీకరింపము. దండనకు మేర యుండవలెను. రోగికి వైద్యము, వృద్ధునకు దయ న్యాయమునకు విరోధులు కావు. కాని దయ వేఱు, నిర్దోషిత్వము వేఱు. చెఱనుండి విడుచుట శరీరమునకు చేయు నుపకారము. మచ్చ మాపుట చరిత్రమునకు చేయు నుపకారము. మొదటిదానిని ప్రభుత్వ మీయవచ్చును. రెండవదానిని దోషియే తన లెక్కతో సంపాదించుకొనవలెను. జయజయధ్వానములతో నూరేగించుట వలన నది రాదు.

తానాషా చరిత్ర తుది కూడ నిచట స్మరింపదగినది. 1686లో అక్కన్న మాదన్నలు గోలకొండలో దారుణముగా హత్య చేయబడిరి. 1687లో ఔరంగజేబు సేనలు ఎనిమిది మాసముల ముట్టడి పిమ్మట సెప్టెంబరులో కోటను పట్టుకొనెను. గోపన్నను బంధించి విడిచిన సుల్తాను తానే బందీయై దౌలతాబాదు కోటకు పోయెను. దాదాపు పండ్రెండేండ్లు అచటనే యుండి, విడుదల లేకయే మరణించెను. ఆతనికొఱకు చెల్లుచీటి తెచ్చిన రామోజీ లక్ష్మోజీలు లేకపోయిరి. అయినను తెలుగుప్రజ లాతనిని మఱవలేదు. వసూలు చేయుటలో నిర్దయుడైనను, బాకీ తీరిన వెంటనే తప్పక విడిచెననియు, విడిచి మన్నింపు వేడెననియు ఆతని పేరును రామదాసు పేరుతో కలిపి నేటికిని తలచుచున్నారు. రాజ్యము పోయినను నిలిచిన కీర్తి యది.

నేడు మన్నించు నధికారము రాజులది కాదు. మన రాజ్యాంగపు 72వ యధికరణము రాష్ట్రపతికిని, 161వ యధికరణము గవర్నరునకును ఆ యధికారము నిచ్చినది. మంత్రివర్గపు సలహాపైననే వారు దానిని నడపవలెను. ఆంధ్రప్రదేశమునుండి వచ్చిన యొక వ్యవహారమున 2006లో సుప్రీముకోర్టు గవర్నరు చేసిన శిక్ష తగ్గింపును కొట్టివేసి, కులము, మతము, రాజకీయ పక్షపాతము క్షమాభిక్షకు కారణములు కాజాలవని తీర్పు చెప్పెను. గోలకొండ కథలో మన పల్లెప్రజలు చెప్పిన దానికిని, ఢిల్లీలో న్యాయమూర్తులు చెప్పిన దానికిని పెద్ద భేదము మాకు కానరాదు. మన్నించువాడు తన యిష్టముకొఱకు మన్నింపరాదు, ప్రజలకు కారణము చూపి మన్నింపవలెను.

కావున పాఠకులకు మా మనవి యిది. శిక్షపడిన నాయకుని విడిచిపెట్టుడని కోరు మహజరు మీ చేతికి వచ్చినప్పుడు, సంతకము చేయుటకు ముందు, ఆతడు కట్టించిన రోడ్లను, ఇచ్చిన యుపన్యాసములను, మీ కులమువాడా కాడా యను సంగతిని కొంచెము ప్రక్కకు పెట్టుడు. సొమ్ము ఖజానాకు మరలి వచ్చినదా యని అడుగుడు. లెక్క చెప్పినాడా యని అడుగుడు. విడుదలయైన మఱునాడే పదవి కోరునా యని అడుగుడు. వీనికి తగిన యుత్తరము దొరికినచో సంకోచింపక సంతకము చేయుడు, మేమును చేయుదుము. దొరకనిచో ఆ మహజరును మరల మడిచి యిచ్చివేయుడు. భద్రాచలమున కల్యాణము చూచి చేతులు జోడించు మనకు, చెల్లుచీటి లేని విడుదలను కోరు హక్కు లేదు.